డిస్క్ ఫుల్ అయిందా? డాకర్ పూడిక ఇలా తీయాలి.. తొందరపడితే డేటాబేస్ గల్లంతే!

కణేకల్ (అనంతపురం జిల్లా): తెల్లారితే ఆన్‌లైన్‌లో ప్రాజెక్టు డెమో. రాత్రి పదకొండు గంటలకు చివరిసారి బిల్డ్ కొడితే స్క్రీన్ మీద ఒకే ఒక్క లైన్.. ‘నో స్పేస్ లెఫ్ట్ ఆన్ డివైస్’. అంటే డిస్క్‌లో చోటు లేదని అర్థం. చూస్తే సినిమాలు లేవు, ఫొటోలు లేవు, గేమ్స్ అసలే లేవు. మరి 256 జీబీ ఎక్కడికి పోయినట్టు?

సాఫ్ట్‌వేర్ కంటైనర్ల కోసం డాకర్ వాడేవాళ్లలో చాలామంది ఎప్పుడో ఒకరోజు ఈ మెసేజ్ చూసినవాళ్లే. బీటెక్ అయ్యాక సొంతూళ్లోనే ఉండి కోడింగ్ నేర్చుకునేవాళ్లకు, ఇంటి నుంచి పనిచేసేవాళ్లకు ఈ కష్టం ఇంకా ఎక్కువ. పాత ల్యాప్‌టాప్, చిన్న ఎస్ఎస్‌డీ, ఫోన్ హాట్‌స్పాట్ మీద నడిచే నెట్. కొత్త డిస్క్ కొనాలంటే డబ్బులు కావాలి. తీసేసినవి మళ్లీ డౌన్‌లోడ్ చేయాలంటే డేటా ప్యాక్ అయిపోతుంది.

దాంతో ఎక్కడో కనిపించిన ఒక్క లైన్ కమాండ్‌ను కాపీ చేసి ఎంటర్ నొక్కేస్తారు. చోటు వస్తుంది, నిజమే. కానీ నెలల తరబడి కూర్చుని ఎక్కించిన డేటాబేస్ కూడా దాంతోపాటే పోవచ్చు. డాకర్‌లో రీసైకిల్ బిన్ ఉండదు. పోయింది అంటే పోయినట్టే.

ఏది తీస్తే మళ్లీ వస్తుంది, ఏది తీస్తే ఇక రాదు? ఈ తేడా తెలిస్తే ఈ పని పెద్ద కష్టమేం కాదు.

కణేకల్‌కు తెలిసిన లెక్కే

పూడిక అంటే ఏంటో కణేకల్ వాళ్లకు ఎవరూ చెప్పాల్సిన పనిలేదు. వేదవతి నదిని ఇక్కడ హగరి అంటారు. ఎండిన ఏట్లో ఇసుక గాలికి లేచి కణేకల్, బొమ్మనహాళ్ మండలాల పొలాల మీద మేట వేస్తుంది. ఒక్కరోజులో పొలం మునిగిపోదు. గాలి వీచిన ప్రతిసారీ కొంచెం కొంచెంగా చేరుతుంది.

ఈ ప్రాంతానికి ఎగువ కాలువ ద్వారా నీళ్లిచ్చే తుంగభద్ర డ్యామ్‌దీ అదే కథ. కట్టినప్పుడు సుమారు 133 టీఎంసీల సామర్థ్యం ఉండేది. పూడిక చేరి ఇప్పుడు అది 105 టీఎంసీల దగ్గరకు పడిపోయింది. డ్యామ్ అదే, గట్టు అదే. తగ్గింది నీళ్లు నిలిచే చోటు మాత్రమే.

ల్యాప్‌టాప్ డిస్క్‌లో జరిగేది కూడా ఇదే. బిల్డ్ కొట్టిన ప్రతిసారీ, కంటైనర్ ఆపిన ప్రతిసారీ డాకర్ వెనకాల ఏదో ఒకటి మిగులుతుంది. దాన్ని డాకర్ సాధారణంగా తనంతట తాను తీసేయదు. అడగకుండా తీసేస్తే అవసరమైనది పోతుందేమోనని అలా రూపొందించారు.

కాకపోతే ఒక్క తేడా ఉంది. చెరువు పూడికలో ఉండేదంతా మట్టే. డాకర్ పూడికలో మట్టితోపాటు ధాన్యం కూడా కలిసి ఉంటుంది. అందుకే పార పట్టే ముందు చూసుకోవాలి.

ఇంతకీ డాకర్ అంటే ఏంటి?

2013 మార్చిలో అమెరికాలోని శాంటా క్లారాలో జరిగిన పైకాన్ సదస్సులో సాలమన్ హైక్స్ ఐదు నిమిషాల ప్రసంగంలో డాకర్‌ను తొలిసారి బయటపెట్టారు. ఓడల మీద వెళ్లే కంటైనర్ పెట్టెల నుంచే ఆ ఆలోచన. పెట్టెలో బియ్యం ఉన్నా, మోటార్లు ఉన్నా క్రేన్‌కు సంబంధం లేదు. పెట్టె సైజు ఒకటే కాబట్టి ఏ రేవులోనైనా ఎత్తి దించొచ్చు. అలాగే ఒక ప్రోగ్రామ్‌ను, అది నడవడానికి కావాల్సిన సామగ్రితో సహా ఒక పెట్టెలో సర్దితే ఏ కంప్యూటర్‌లోనైనా ఒకేలా నడుస్తుంది.

సర్దిపెట్టిన సామగ్రిని ‘ఇమేజ్’ అంటారు. దాన్ని నడిపితే తయారయ్యేది ‘కంటైనర్’. ఒకే అచ్చుతో ఎన్ని ఇటుకలైనా కోయొచ్చు కదా, అలా ఒకే ఇమేజ్ నుంచి ఎన్ని కంటైనర్లనైనా నడపొచ్చు.

మిగిలిపోయేవి నాలుగు రకాలు

1. బిల్డ్ క్యాష్: ఇమేజ్ తయారుచేసేటప్పుడు మధ్యలో చేసిన పనులను డాకర్ దాచిపెట్టుకుంటుంది. తర్వాతి బిల్డ్ త్వరగా అవడానికే ఇది. రోజూ బిల్డ్ చేసేవాళ్ల దగ్గర జీబీల కొద్దీ పేరుకుపోతుంది. తీసేస్తే నష్టం లేదు, తర్వాతి బిల్డ్ నెమ్మదిగా అవుతుందంతే. ప్యాకేజీలను మళ్లీ డౌన్‌లోడ్ చేయాల్సి రావొచ్చు.

2. పాత ఇమేజ్‌లు: ఒకే పేరుతో మళ్లీ మళ్లీ బిల్డ్ చేస్తే పేరు కొత్త ఇమేజ్‌కు వెళ్లిపోతుంది. పాతది పేరు లేకుండా మిగులుతుంది. లిస్టులో దాని పేరు దగ్గర ‘నన్’ అని కనిపిస్తుంది. వీటినే ‘డ్యాంగ్లింగ్’ ఇమేజ్‌లు అంటారు.

3. ఆగిపోయిన కంటైనర్లు: కంటైనర్‌ను ఆపినంత మాత్రాన అది పోదు. అది నడుస్తున్నప్పుడు తనలో రాసుకున్న ఫైళ్లతో సహా డిస్క్ మీదే ఉంటుంది.

4. వాల్యూమ్‌లు: అసలు ధాన్యం ఉండేది ఇక్కడే. డేటాబేస్ లాంటివి తమ సమాచారాన్ని కంటైనర్ బయట, వాల్యూమ్‌లో దాస్తాయి. కంటైనర్ పోయినా డేటా ఉండాలనే ఈ ఏర్పాటు.

మొదటి రెండూ మళ్లీ వచ్చేవి. కోడ్ ఉంటే, నెట్ ఉంటే ఎప్పుడైనా తయారు చేసుకోవచ్చు. చివరి రెండిట్లో ఉన్నది మాత్రం ఇంకెక్కడా ఉండకపోవచ్చు. గుర్తుపెట్టుకోవాల్సింది ఇదొక్కటే.

ముందు కొలత, తర్వాతే పార

ఇక్కడి కమాండ్లను చదవడానికి వీలుగా తెలుగులో ఇచ్చినా, టెర్మినల్‌లో ఇంగ్లిష్ అక్షరాల్లోనే టైప్ చేయాలి. పదే పదే వచ్చే మాట ‘ప్రూన్’. స్పెల్లింగ్ పీ, ఆర్, యూ, ఎన్, ఈ. చెట్టుకు పనికిరాని కొమ్మలు కత్తిరించడం అని దానర్థం.

మొదట కొట్టాల్సింది ‘డాకర్ సిస్టమ్ డీఎఫ్’. ఇది ఏదీ తీసేయదు, లెక్క మాత్రం చెబుతుంది. ఇమేజ్‌లు ఎంత, కంటైనర్లు ఎంత, వాల్యూమ్‌లు ఎంత, బిల్డ్ క్యాష్ ఎంత అని నాలుగు వరుసల్లో చూపిస్తుంది. చివరి కాలమ్‌లో ‘రీక్లెయిమబుల్’ అని ఉంటుంది. అంటే తీసేస్తే తిరిగొచ్చే చోటు. చివర్లో హైఫన్ వీ కలిపి కొడితే ఒక్కోదాని లెక్క విడివిడిగా వస్తుంది.

చాలాసార్లు సమస్య ఎక్కడుందో ఇక్కడే తేలిపోతుంది. బిల్డ్ క్యాష్ ఒక్కటే 30 జీబీ ఉంటే వాల్యూమ్‌ల జోలికి పోవాల్సిన పనే లేదు. అది తీస్తే చాలు.

తీసే వరుస ఇదీ

మళ్లీ వచ్చేవాటితో మొదలుపెట్టాలి.

ముందుగా ‘డాకర్ బిల్డర్ ప్రూన్’. వాడకంలో లేని బిల్డ్ క్యాష్ పోతుంది.

తర్వాత ‘డాకర్ ఇమేజ్ ప్రూన్’. పేరు లేని పాత ఇమేజ్‌లు మాత్రమే పోతాయి. దీనికే హైఫన్ ఏ కలిపితే మాత్రం ఏ కంటైనర్‌కూ సంబంధం లేని ఇమేజ్‌లన్నీ పోతాయి. వాటిలో రేపు అవసరమయ్యేవి కూడా ఉండొచ్చు. ఫోన్ డేటా మీద బతికేవాళ్లు హైఫన్ ఏ కొట్టే ముందు ఒక్క క్షణం ఆగాలి. అక్కర్లేని ఇమేజ్ ఏదో తెలిస్తే ‘డాకర్ ఆర్ఎంఐ’ తర్వాత దాని పేరు ఇచ్చి అదొక్కటే తీసేయడం మేలు.

మూడోది కంటైనర్లు. ముందు ‘డాకర్ పీఎస్ హైఫన్ ఏ’ కొడితే ఆగిపోయినవి కూడా కనిపిస్తాయి. హైఫన్ ఎస్ కూడా కలిపితే ఒక్కో కంటైనర్ తనలో ఎంత రాసుకుందో తెలుస్తుంది. ఏదైనా కంటైనర్‌లో అవసరమైన ఫైల్ ఉండిపోతే ‘డాకర్ సీపీ’తో బయటకు తెచ్చుకోవచ్చు. ఆగిపోయిన కంటైనర్ నుంచి కూడా ఇది పనిచేస్తుంది. ఆ తర్వాతే ‘డాకర్ కంటైనర్ ప్రూన్’.

ఇక్కడో మెలిక ఉంది. పాతవి మాత్రమే తీసేలా ‘అన్‌టిల్’ అనే ఫిల్టర్ ఇవ్వొచ్చు. 168 గంటలు అని ఇస్తే వారం దాటినవే పోతాయి. కానీ అది చూసేది కంటైనర్‌ను తయారుచేసిన సమయాన్ని. చివరిసారి వాడిన సమయాన్ని కాదు. నెల కిందట తయారుచేసి నిన్న సాయంత్రం దాకా వాడి ఆపిన కంటైనర్ కూడా ఆ లెక్కలో పాతదే. అదీ పోతుంది.

ఎరువుల అంగడి లెక్కలు ఏమవుతాయి?

ఉదాహరణకు ఒక కుర్రాడు ఊళ్లోని ఎరువుల అంగడి కోసం ఖాతాల యాప్ రాస్తున్నాడనుకోండి. ఏ రైతు ఎన్ని బస్తాలు తీసుకెళ్లాడు, ఎంత కట్టాడు, ఇంకా ఎంత బాకీ.. అన్నీ పోస్ట్‌గ్రెస్ డేటాబేస్‌లో ఎక్కిస్తున్నాడు. యాప్ బాగుందని అంగడాయన కొత్త బాకీలను పుస్తకంలో రాయడం కూడా మానేశాడు.

ఆ డేటాబేస్ కంటైనర్‌ను మొదలుపెట్టేటప్పుడు కుర్రాడు వాల్యూమ్‌కు పేరు ఇవ్వలేదు. అయినా పర్వాలేదు. పోస్ట్‌గ్రెస్, మైఎస్‌క్యూఎల్ లాంటి ఇమేజ్‌లు తమంతట తామే ఒక వాల్యూమ్ తయారుచేయించుకుంటాయి. దానికి పేరుండదు. 64 అంకెలు, అక్షరాలు కలిసిన పొడవాటి గుర్తు మాత్రమే ఉంటుంది. దీన్నే పేరు లేని వాల్యూమ్, అంటే ‘అనానిమస్ వాల్యూమ్’ అంటారు.

రాత్రి పని అయ్యాక కంటైనర్ ఆపేశాడు. డిస్క్ నిండిందని మెసేజ్ వచ్చింది. వెంటనే ‘డాకర్ సిస్టమ్ ప్రూన్’ కొట్టాడు. ఆగిపోయిన కంటైనర్లు, వాడని నెట్‌వర్క్‌లు, పేరు లేని ఇమేజ్‌లు, బిల్డ్ క్యాష్ అన్నీ ఒక్క దెబ్బకు పోయాయి. డేటాబేస్ కంటైనర్ కూడా పోయింది. ఎందుకంటే అది ఆగి ఉంది. డాకర్ దృష్టిలో ఆగి ఉన్నది అంటే అక్కర్లేనిది.

అయినా ఇక్కడికి ప్రమాదం లేదు. వాల్యూమ్ ఇంకా డిస్క్ మీదే ఉంది. దానికి కంటైనర్‌తో ఉన్న ముడి ఒక్కటే తెగింది.

కానీ అదే కమాండ్ చివర ‘రెండు హైఫన్‌లు, వాల్యూమ్స్’ అని కలిపి ఉంటే? ముందు కంటైనర్ పోతుంది. దాంతో ఆ వాల్యూమ్ ఎవరికీ చెందనిది అయిపోతుంది. వెంటనే అదీ పోతుంది. పొద్దున్నే అంగడాయన ఫోన్ చేసి “ఏమప్పా, మా లెక్కలన్నీ బాగుండాయి కదా?” అని అడిగితే చెప్పడానికి జవాబు ఉండదు.

వెర్షన్ బట్టి మారే రూల్

2023లో వచ్చిన డాకర్ 23 వెర్షన్ నుంచి ఒక మంచి మార్పు జరిగింది. ‘డాకర్ వాల్యూమ్ ప్రూన్’ కొడితే పేరు లేని వాల్యూమ్‌లు మాత్రమే పోతాయి. పేరు పెట్టినవి మిగులుతాయి. వాటిని కూడా తీయాలంటే హైఫన్ ఏ ప్రత్యేకంగా ఇవ్వాలి. అంతకుముందు వెర్షన్లలో మాత్రం కంటైనర్‌తో ముడిపడని వాల్యూమ్‌లన్నీ, పేరున్నా లేకపోయినా పోయేవి.

అందుకే పాత వీడియోల్లో చెప్పినది, కొత్త ల్యాప్‌టాప్‌లో జరిగేది ఒకటి కాకపోవచ్చు. ‘డాకర్ వెర్షన్’ అని కొట్టి తన దగ్గర ఏది ఉందో చూసుకోవాలి.

ఇంకో విషయం. డాకర్ కంపోజ్ వాడేవాళ్లు ‘డౌన్’ కమాండ్‌కు హైఫన్ వీ కలిపితే ఆ ప్రాజెక్టు ఫైల్‌లో రాసుకున్న పేరున్న వాల్యూమ్‌లు కూడా పోతాయి. ‘సిస్టమ్ డీఎఫ్’లో హైఫన్ వీ అంటే వివరాలు చూపించమని. ఇక్కడ హైఫన్ వీ అంటే వాల్యూమ్‌లు తీసేయమని. అక్షరం ఒకటే, పని వేరు.

వాల్యూమ్ తీసే ముందు మూడు పనులు

ఒకటి, చూడటం. ‘డాకర్ వాల్యూమ్ ఎల్ఎస్’కు ‘డ్యాంగ్లింగ్ ఈక్వల్స్ ట్రూ’ అనే ఫిల్టర్ ఇస్తే ఏ కంటైనర్‌తోనూ ముడిపడని వాల్యూమ్‌ల లిస్టు వస్తుంది. ‘డాకర్ వాల్యూమ్ ఇన్‌స్పెక్ట్’ తర్వాత దాని గుర్తు ఇస్తే ఎప్పుడు తయారైందో తెలుస్తుంది.

రెండు, తెరవడం. ఆల్పైన్ లాంటి చిన్న ఇమేజ్‌తో తాత్కాలిక కంటైనర్ నడిపి, ఆ వాల్యూమ్‌ను దానికి తగిలించి లోపల ఏ ఫైళ్లున్నాయో చూడొచ్చు. పోస్ట్‌గ్రెస్ ఫైళ్లు కనిపిస్తే అది మట్టి కాదు, ధాన్యమే. కంటైనర్ పోగొట్టుకున్న కుర్రాడు కూడా ఇలాగే వెతికి, దొరికిన వాల్యూమ్‌ను కొత్త పోస్ట్‌గ్రెస్ కంటైనర్‌కు తగిలిస్తే లెక్కలన్నీ తిరిగొస్తాయి. అయితే పోస్ట్‌గ్రెస్ ప్రధాన వెర్షన్ పాతదే ఉండాలి.

మూడు, కాపీ తీసుకోవడం. డేటాబేస్ నడుస్తుండగానే పోస్ట్‌గ్రెస్ అయితే ‘పీజీ డంప్’, మైఎస్‌క్యూఎల్ అయితే ‘మైఎస్‌క్యూఎల్ డంప్’తో మొత్తం డేటాను ఒక ఫైల్‌లోకి తీసుకోవచ్చు. ఆ ఫైల్‌ను పెన్‌డ్రైవ్‌లో వేసుకుంటే నిశ్చింత. ‘డాకర్ కమిట్’ కొట్టి కాపీ తీశామని కొందరు అనుకుంటారు. అది పొరపాటు. వాల్యూమ్‌లో ఉన్న డేటా కమిట్‌లోకి రాదు.

ఈ మూడూ అయ్యాక అక్కర్లేదని తేలిన వాల్యూమ్‌ను ‘డాకర్ వాల్యూమ్ ఆర్ఎం’తో ఒక్కొక్కటిగా తీయాలి. గంపగుత్తగా వద్దు.

అన్నీ తీసినా చోటు రాలేదా?

విండోస్‌లో ఇది మామూలే. డాకర్ డెస్క్‌టాప్ తన సామానంతా ఒక పెద్ద వర్చువల్ డిస్క్ ఫైల్‌లో పెడుతుంది. లోపల ఖాళీ అయినా ఆ ఫైల్ సైజు చాలా ల్యాప్‌టాప్‌లలో దానంతట అది తగ్గదు. చెరువులో నీళ్లు ఇంకినా గట్టు జరగదు కదా, అలాగన్నమాట. డాకర్ డెస్క్‌టాప్ పూర్తిగా మూసి, ‘డబ్ల్యూఎస్ఎల్ షట్‌డౌన్’ చేసి, విండోస్‌తో వచ్చే ‘డిస్క్‌పార్ట్’లో ఆ ఫైల్‌ను ఎంచుకుని ‘కంపాక్ట్ వీడిస్క్’ కొడితే సీ డ్రైవ్‌లో చోటు కనిపిస్తుంది. డాకర్ డెస్క్‌టాప్‌లోని ‘క్లీన్, పర్జ్ డేటా’ బటన్ మాత్రం వేరే సంగతి. అది వాల్యూమ్‌లతో సహా ఊడ్చేస్తుంది.

లైనక్స్‌లో అయితే లాగ్ ఫైళ్ల మీద కన్నేయాలి. నెలల తరబడి నడిచే కంటైనర్ తన లాగ్‌ను రాస్తూనే ఉంటుంది. మామూలు సెట్టింగ్‌లో దానికి పరిమితి ఉండదు. ప్రూన్ కమాండ్లు నడుస్తున్న కంటైనర్ లాగ్‌ను ముట్టవు. ‘సిస్టమ్ డీఎఫ్’ లెక్కలో కూడా అది కనిపించదు. డాకర్ సెట్టింగ్స్ ఫైల్‌లో లాగ్ గరిష్ఠ సైజు 10 ఎంబీ, ఫైళ్లు 3 అని పెట్టి డాకర్‌ను రీస్టార్ట్ చేస్తే సరి. అయితే ఆ రూల్ కొత్తగా తయారయ్యే కంటైనర్లకే వర్తిస్తుంది. పాతదాన్ని తీసి మళ్లీ తయారుచేసుకోవాలి.

ఏం చేసినా సరే, డాకర్ ఫోల్డర్‌లోకి వెళ్లి చేత్తో ఫైళ్లు డిలీట్ చేయడం మాత్రం వద్దు. ఒకే ఫైల్‌ను నాలుగు ఇమేజ్‌లు పంచుకుంటూ ఉండొచ్చు. ఒకటి పీకితే మిగతావీ పాడవుతాయి.

మళ్లీ పూడకుండా..

కాసేపు ప్రయత్నించి వదిలేసే కంటైనర్లను ‘రెండు హైఫన్‌లు, ఆర్ఎం’ కలిపి నడిపితే, ఆగిన వెంటనే అవే పోతాయి. కాకపోతే వాటి పేరు లేని వాల్యూమ్‌లు కూడా పోతాయి. కాబట్టి డేటాబేస్‌లకు ఇది వాడకూడదు.

డేటాబేస్ మొదలుపెట్టే రోజే వాల్యూమ్‌కు పేరు పెట్టాలి. ‘ఖాతా డేటా’ అని పేరు చూస్తే ఆరు నెలల తర్వాత కూడా అదేంటో గుర్తొస్తుంది. 64 అక్షరాల గుర్తు చూస్తే ఎవరికీ ఏమీ గుర్తురాదు. పనికిరానిదేమో అనిపించి తీసేసేది అలాంటి వాటినే.

నెలకోసారి ‘సిస్టమ్ డీఎఫ్’ కొట్టి లెక్క చూసుకుంటే డెమో ముందు రాత్రి హైరానా ఉండదు. పూడిక నిండాక తీయడం కన్నా చేరుతున్నప్పుడే తీయడం సులువు.

‘వై’ నొక్కమని డాకర్ అడిగినప్పుడు ఆ పైన ఏమేం తీసేస్తానో కూడా చెబుతుంది. ఎంటర్ నొక్కే ముందు ఆ నాలుగు లైన్లు చదవాలి. అందులో వాల్యూమ్స్ అనే మాట కనిపిస్తే ‘ఎన్’ నొక్కి, ముందు కాపీ ఉందో లేదో చూసుకోవాలి.